పనోళ్ళు లేరా? లొంగేవోళ్ళు లేరా?

(ఏలూరు, గూడెం, కొల్లేటి లంకల నుంచి వచ్చిన కూలీలు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మన దగ్గర ఏ రైసుమిల్లు కాడికెళ్ళినా, ఏ చేపల చెరువు గట్టెక్కినా, ఏ రొయ్యల షెడ్డు గేటు ముందు నిలబడినా ఒక్కటే మాట. "పనోళ్ళు దొరకటం లేదండీ" అంటున్నారు. కామందుల నోట ఇదే మాట, మిల్లు ఓనర్ల నోట ఇదే మాట. పేపర్లు అచ్చేసేదీ ఇదే మాట. దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "అందుకే బీహారు నుంచి, ఒరిస్సా నుంచి తెప్పించుకుంటున్నాం." సిమెంటు బస్తాలు తెప్పించుకున్నట్టు, మేత లారీ తెప్పించుకున్నట్టు, మనుషుల్ని తెప్పించుకుంటున్నారు.

ఇంకోపక్క మన పేటల్లో కుర్రాళ్ళు ఏమంటున్నారు? "బీహారోళ్ళొచ్చి మన నోటికాడ కూడు లాక్కుంటున్నారు. తరిమేస్తే మన కూలి పెరుగుద్ది" అంటున్నారు. సంఘంలో పనిచేసే కొందరు కూడా ఈ మాటకి తలూపుతున్నారు.

ఓనరు మాట ఒకటి, మన కుర్రాళ్ళ మాట ఒకటి. చూడటానికి ఎదురెదురు మాటల్లా ఉన్నాయి గానీ రెంటికీ తండ్రి ఒక్కడే. ఈ రెండు మాటల్నీ విప్పి చూడటానికే మనం ఇవాళ కూర్చున్నాం.

ఎవరెక్కడికి పోతున్నారు?

ముందు మన ఇళ్ళు లెక్కేసుకుందాం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కువైట్ ఎల్లిన ఆడమనిషి లేని ఇళ్ళు ఎన్ని? పశ్చిమగోదావరి మాలపల్లెల నుంచి, మాదిగ పేటల నుంచి, మత్స్యకార గ్రామాల నుంచి కువైట్‌కీ, మస్కట్‌కీ, దుబాయ్‌కీ ఇంటిపనికి ఎల్లిన అక్కచెల్లెళ్ళు వేలల్లో ఉన్నారు. ఇలాంటి దేశాలకి ఇంటిపనికెళ్ళే చదువులేని ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం రూలు పెట్టింది. ఏజెంటు ఏం చేస్తాడు? విజిటింగ్ వీసా చేతిలో పెట్టి దొడ్డిదారిన పంపుతాడు. అక్కడ దిగంగానే పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి పోతుంది. తెల్లారకముందు లేచి, ఇంటిల్లిపాదీ పడుకున్నాక పడుకుంటారు. మగపిల్లలు హైదరాబాదు అపార్టుమెంట్లలో వాచ్‌మెన్లుగా, చెన్నై, బెంగుళూరు కట్టుబడి పనుల్లో ఉన్నారు.

మనోళ్ళు అక్కడికి పోయారు. మరి ఇక్కడ చెరువు గట్టు మీద కాపలాకి ఎవరున్నారు? శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన జంటలు. మిల్లులో బస్తా మోసేది ఎవరు? బీహారు ముఠా. రొయ్యల తలలు తీసేది ఎవరు? ఒడిశా నుంచి వచ్చిన ఆడపిల్లలు. వాళ్ళ ఊళ్ళో పనుండి వచ్చారా? లేదు. వాళ్ళ ఊరి కామందు కూడా "పనోళ్ళు దొరకటం లేద"నే అంటున్నాడు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? దేశంలో మనుషులకి కొరత లేదు. ఎవరి ఊళ్ళో వాళ్ళకి బతికే కూలి లేదు. ప్రతి ఊరి కూలీనీ పక్క రాష్ట్రానికి తోలి, పక్క రాష్ట్రపు కూలీని ఇక్కడికి తోలుకొచ్చి, మధ్యలో మేస్త్రీ, ఏజెంటు, కాంట్రాక్టరు తలా ఇంత తింటున్నారు.

"మీవాళ్ళు సోమరిపోతులైపోయారు, పథకాల డబ్బులతో తిని పడుకుంటున్నారు" అని మనల్ని ఎగతాళి చేస్తారు. కువైట్‌లో పదహారు గంటలు అంట్లు తోమే మనిషి ఏలూరులో సోమరి ఎట్లా అయ్యింది? ఆ మనిషే కదా! ఒళ్ళు అదే, చేతులు అవే. తేడా కూలిలో ఉంది. ఇక్కడ ఇచ్చే కూలికి, ఇక్కడి మాటలు పడుతూ, ఇక్కడి చూపులు భరిస్తూ చెయ్యనని ఆ మనిషి నిర్ణయించుకుంది. ఆ నిర్ణయానికి వాళ్ళు పెట్టిన పేరు సోమరితనం.

ఈ కొరత ఎట్లా పుట్టింది?

కొరత ఆకాశం నుంచి ఊడిపడలేదు. మన కళ్ళముందే తయారయ్యింది.

కొల్లేరు సంగతే తీసుకోండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసే నీళ్ళు, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోయే నీళ్ళు, వాటి మధ్య లంకలు. చేపలు పట్టుకునే వడ్డీలు, నీళ్ళు తీసినప్పుడు వరి ఊడ్చుకునే మాలమాదిగలు అక్కడ బతికేవాళ్ళు. 1970ల మధ్యలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, మత్స్యకారులకీ హరిజనులకీ సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించారు. కాగితం మీద చెరువు మనది. పెట్టుబడి ఎవరిది? మేత ఎవరిది? లారీ ఎవరిది? ఊరి పెద్దలదీ, ఏలూరు, భీమవరం, కైకలూరు షావుకార్లదీ. నాలుగేళ్ళు తిరిగేసరికి సొసైటీ చెరువు లీజు చెరువైంది. సొసైటీ మెంబరు ఆ చెరువుకే కాపలాదారయ్యాడు.

1999 అక్టోబరులో కొల్లేటిని ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరున ప్రొక్లెయినర్లు పెట్టి, మందుగుండు పెట్టి గట్లు కొట్టేశారు. కొల్లేరు బతకాలి, ఆ మాటలో మనకి తేడా లేదు. కానీ గట్టు తెగినప్పుడు షావుకారికి పోయింది పెట్టుబడి. మనకి పోయింది బతుకు. షావుకారు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ గట్లు లేచాయి, అందరికీ తెలిసిందే. మనోళ్ళలో ఎంతమంది మళ్ళీ రాగలిగారు? సంచీ సర్దుకుని వలస పోయినవాళ్ళే ఎక్కువ.

కొల్లేరు బయట ఏమయింది? వరిచేలు తవ్వి చేపల చెరువులు చేశారు, చేపల చెరువుల్ని రొయ్యల చెరువులు చేశారు. ఎకరం వరికి ఆకుమడి దగ్గర్నుంచి కుప్ప నూర్చేదాకా ఎన్ని చేతులు పడతాయో మన ఆడవాళ్ళని అడగండి. అదే పొలం చెరువైతే? ఎన్నో ఎకరాలకి ఒక కాపలా మనిషి చాలు. వల లాగే రోజున ముఠా వస్తుంది, లాగుతుంది, ఐసు కొట్టి హౌరా లారీ ఎక్కించి పోతుంది. ఊడ్పు పోయింది, కలుపు పోయింది, కోత మిషను మింగింది. ఆడకూలీకి ఏడాదిలో దొరికే పని కొద్ది రోజులకి పడిపోయింది. పొలంలో పని లేకుండా చేసినవాళ్ళే ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి "పనోళ్ళేరీ?" అని అడుగుతున్నారు.

కొరత అని గోల పెట్టగానే ప్రభుత్వాలు ఎవరి మాట వింటాయో కూడా చూడండి. 2025 డిసెంబరులో ఉపాధిహామీ చట్టం తీసేసి దాని స్థానంలో కొత్త చట్టం చేశారు. 100 రోజుల్ని 125 రోజులు చేశామని గొప్పగా చెప్పారు. అదే చట్టంలో, వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు ఉపాధి పని ఆపెయ్యొచ్చని రాసుకున్నారు. ఎందుకు? ఆ రోజుల్లో మనం కామందు గడపకే పోవాలి. వేరే పని ఉంటే కూలి బేరమాడతాం కదా! ఆ బేరం లేకుండా చెయ్యటానికే ఆ ఏర్పాటు.

కంపెనీకి పరాయివాడే ఎందుకు ముద్దు?

ఊరి కూలీకి ఊరుంది. పిల్లాడికి జ్వరమొస్తే నాగా పెడతాడు. చావుకీ పెళ్ళికీ పోతాడు. మేనేజరు తిడితే ఎదురు తిరుగుతాడు, సాయంత్రానికి పేటంతా వచ్చి గేటు ముందు కూర్చుంటుంది. యూనియను పెడతాడు. పైగా ఓటుంది కాబట్టి ఎమ్మెల్యే కూడా ఎంతోకొంత బెదురుతాడు.

దూరం నుంచి తెచ్చిన మనిషికి ఇవేమీ లేవు. భాష తెలీదు. ఓటు ఇక్కడ లేదు. పడుకునేది కంపెనీ గదిలో, తినేది కంపెనీ మెస్సులో. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చాడు, అది తీరేదాకా కదలలేడు. రాత్రి పన్నెండింటికి బండి వస్తే లేపి దించమంటారు. వాళ్ళకి నచ్చింది ఈ లొంగుబాటు. 'పనోళ్ళ కొరత' అంటే అసలర్థం, లొంగేవోళ్ళ కొరత.

రొయ్యల సంగతి చెప్పుకుందాం. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రదే మొదటి స్థానం. మన రొయ్యని ఎక్కువగా కొనేది అమెరికా. 2024 మార్చిలో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికా సంస్థ ఆంధ్ర రొయ్యల పరిశ్రమ మీద నివేదిక రాసింది. తక్కువ కూలి, అప్పు కట్టుబాటు, కిక్కిరిసిన గదులు, బయటికి కదలనివ్వని కాపలాలు, వీటన్నిటి గురించీ అందులో ఉంది. మన ఆడవాళ్ళకి తెలిసిన సంగతే వాళ్ళకి నివేదికైంది. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు పాచిపోవటం మనకొకరు చెప్పాలా? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. రొయ్య ధర పడిపోయింది. అట్లాంటప్పుడు ఆ నష్టం ఎవరి నెత్తిన రుద్దుతారు? రైతు నెత్తిన కొంత, షెడ్డులో తలలు తీసే పిల్ల నెత్తిన కొంత.

ఇందులో కులం ఎక్కడుంది అంటారా? నిలువునా ఉంది. బాయిలరు దగ్గర, ఆసిడ్ దగ్గర, మురుగు తొట్టి దగ్గర, బస్తా కింద ఎవరుంటారు? ఆఫీసు కుర్చీలో, కాటా దగ్గర, కాంట్రాక్టు కాగితం మీద ఎవరుంటారు? ఇది మన ఊరి విద్యే కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరానివాళ్ళని నేతఖాతాలోకి రానిచ్చేవాళ్ళు కాదు. నూలు తెగితే నోటితో తడిపి పట్టాలి, వాళ్ళ ఎంగిలి తగులుద్దని. 1928 సమ్మెలో బాబాసాహెబ్ ఆ సంగతి కార్మిక నాయకుల ముందే నిలదీశారు. కులం అంటే పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళని మెట్లు మెట్లుగా విడగొట్టటం అని ఆయన 1936లో రాశారు. ఇప్పుడా మెట్లకి కింద ఇంకో మెట్టు కట్టారు. మనం కూర్చోనని లేచిన మెట్టు మీద బీహారు నుంచి తెచ్చిన ముసహర్‌నీ, రవిదాసునీ, పాసీనీ కూర్చోబెడుతున్నారు. వాళ్ళ ఊళ్ళో వాళ్ళదీ ఊరి చివరి పేటే.

బయటి కూలీ సాంఘిక బహిష్కరణకి కూడా పనికొస్తాడు. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవ మీద దళితుల్ని పనుల్లోకి పిలవకుండా వెలేశారు. మన కూలి ఆపేసినా వాళ్ళ పని ఆగదన్న ధీమా ఎక్కడిది? బయట నుంచి చేతులు తెచ్చుకోవచ్చన్న లెక్కలోంచే ఆ ధీమా వస్తుంది.

అక్కిరెడ్డిగూడెం

2022 ఏప్రిల్ 13 రాత్రి. తెల్లారితే అంబేడ్కర్ జయంతి. మన పేటల్లో కుర్రాళ్ళు జెండాలు కడుతున్నారు, విగ్రహాలు కడుగుతున్నారు. ఏలూరు జిల్లా ఏర్పడి అప్పటికి తొమ్మిది రోజులు. ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో పోరస్ లేబొరేటరీస్ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. ఆరుగురు చనిపోయారు. పన్నెండు మంది దాకా కాలిపోయి ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఆరుగురిలో నలుగురు బీహారు వాళ్ళు.

ఒక్కసారి ఆలోచించండి. నలంద జిల్లా ఎక్కడ, ముసునూరు ఎక్కడ? మామిడి తోటల మధ్య, పల్లెటూళ్ళో మందుల రసాయనాలు వండే ఫ్యాక్టరీ. అందులో అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నది వెయ్యి మైళ్ళ అవతల నుంచి వచ్చినవాళ్ళు. చనిపోయినవాళ్ళకి ప్రభుత్వం పాతిక లక్షలు ప్రకటించింది, కంపెనీ చేత కూడా ఇప్పిస్తామంది. ఫ్యాక్టరీ మూయించారు. ఊరివాళ్ళు రోడ్డెక్కారు, ఫ్యాక్టరీ వద్దన్నారు. న్యాయమే. కానీ బీహారు ఊళ్ళల్లో ఆ నాలుగు ఇళ్ళకి మన సంఘాల తరఫున ఎవరు ఉత్తరం రాశారు? ఆ శవాలు పెట్టెల్లో ఊరు చేరినప్పుడు వాళ్ళకి మన గురించి తెలిసిందేమిటి? ఏలూరు అంటే తమ కొడుకు కాలిపోయిన ఊరు. అంతే.

2020 మే నెల కూడా మర్చిపోకూడదు. లాక్‌డౌన్‌లో మన పదహారో నంబరు రోడ్డు వెంట కూలీలు ఒడిశా వైపు నడిచిపోయారు. మజ్జిగ ప్యాకెట్లు, అన్నం పొట్లాలు ఇచ్చినవాళ్ళు మన పేటల్లో ఉన్నారు. కొవ్వూరులో "మమ్మల్ని ఊరికి పంపండి" అని వలస కూలీలు రోడ్డెక్కితే పోలీసులు లాఠీలెత్తారు. అదే వారంలో తెలంగాణలో ఏం జరిగింది? దేశమంతా కూలీల్ని ఇళ్ళకి చేర్చటానికి రైళ్ళు వేస్తుంటే, బీహారులోని ఖగడియా నుంచి ఒక రైలు ఎదురు దిక్కున వచ్చింది. రైసుమిల్లుల్లో హమాలీలు కావాలని రెండు వందల పైచిలుకు మందిని ఎక్కించుకుని మే 8న లింగంపల్లిలో దిగింది. మంత్రి వెళ్ళి ఆహ్వానం పలికాడు. ఇంటికి పోతానన్నవాడికి లాఠీ, పనికొచ్చినవాడికి పువ్వు. 'తరలింపు' అంటే ఏమిటో ఆ ఒక్క వారంలో తెలిసిపోయింది.

రంగూన్లో మనమే బీహారోళ్ళం

"బీహారోళ్ళని తరిమేద్దాం" అంటున్న తమ్ముళ్ళు ఈ సంగతి శ్రద్ధగా వినాలి.

మన తాతముత్తాతలు రంగం పోయారు. కాకినాడ నుంచీ విశాఖపట్నం నుంచీ స్టీమరెక్కి బర్మా పోయారు. రేవులో మూటలు మోశారు, రైసుమిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు, దొడ్లు కడిగారు. అప్పుడూ మేస్త్రీయే తీసికెళ్ళాడు, అప్పుడూ అడ్వాన్సే ముడేసింది. బర్మావాళ్ళు మనల్ని 'కోరంగీ' అని ఈసడించేవాళ్ళు. మన కోరంగి రేవు పేరు అక్కడ తిట్టయింది.

1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. ఓడల కంపెనీలు ఏం చేశాయి? అప్పటిదాకా పనిలోకి రానివ్వని బర్మా కూలీలని పిలిచి పెట్టుకున్నాయి. ఎందుకు? సమ్మె విరగ్గొట్టటానికి. తరవాత తెలుగు కూలీలతో రాజీ కుదిరింది. మే 26 పొద్దున పాత కూలీలు పనిలోకొచ్చారు. కొత్తగా పెట్టుకున్న బర్మావాళ్ళని పొమ్మన్నారు. పని పోయిన బర్మావాడికి ఎదురుగా కనపడింది ఎవరు? కంపెనీ దొర కాదు, తెలుగు కూలీ. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. రోజుల తరబడి నరుక్కున్నారు. వందమందికి పైగా చచ్చారు, ఎక్కువ మనవాళ్ళే. దొరకి ఒక్క గీత పడలేదు. ఓడలు మళ్ళీ కదిలాయి, బస్తాలు మళ్ళీ లేచాయి. 1942లో జపాను బాంబులు పడ్డప్పుడు లక్షలమంది అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చారు. ఎంతమంది దారిలో పడిపోయారో లెక్కలేదు.

అందులో బర్మా కూలీ కోపం అబద్ధమా? కాదు. అతని ఊళ్ళో అతనికి పని లేదు, పక్కన పరాయివాడు చేస్తున్నాడు. ఇవాళ మన కుర్రాడి కోపం కూడా అట్లాంటిదే. కోపం నిజం. గురి మాత్రం తప్పు. ఇవాళ మనం బీహారువాడి మీద కర్రెత్తితే, రేపు పొద్దున ఓనరు ఒడిశా నుంచి ఇంకో ముఠా తెస్తాడు. అదే రోజున బెంగుళూరులోనో, కువైట్‌లోనో మనోడి మీద ఇంకెవడో కర్రెత్తుతాడు. అప్పుడు మనం ఏ మొహంతో న్యాయం అడుగుతాం?

ఊరు వదలటం తప్పా?

ఇక్కడ ఒక మాట స్పష్టం చెయ్యాలి. మేము వలసకి వ్యతిరేకం కాదు. "పల్లెటూరు చల్లని తల్లి, అక్కడే ఉండండి" అని పాడేవాళ్ళ కోవలో మేము లేము. ఊరంటే ఏమిటో మాలపల్లెకీ మాదిగ పేటకీ బాగా తెలుసు. పల్లెని నెత్తిన పెట్టుకునే పెద్దల్ని 1948 నవంబరు 4న రాజ్యాంగసభలోనే బాబాసాహెబ్ ఎండగట్టారు. కారంచేడు 1985, చుండూరు 1991. ఆ ఊళ్ళల్లోంచి మనవాళ్ళు బయటకొచ్చింది పారిపోవటానికి కాదు, తల ఎత్తుకోవటానికి. ఫ్యాక్టరీలో చేరిన మాదిగ బిడ్డ కామందు వాకిట్లో చెప్పులు విప్పక్కర్లేదు. కువైట్ పోయిన అక్క పంపిన డబ్బుతోనే మన పేటలో స్లాబు ఇల్లు లేచింది, పిల్ల ఇంజనీరింగు చదివింది. అది చిన్న సంగతి కాదు.

కాబట్టి మనం అడగాల్సింది ఒక్కటే. మనిషి తన కాళ్ళ మీద పోతున్నాడా, మేస్త్రీ సంచీలో పోతున్నాడా? తిరిగి రావాలంటే రాగలడా? కూలి ఎంతో ముందే తెలుసా? పక్కవాడితో సమానంగా ఇస్తున్నారా? ఇవి ఉంటే అది వలస. ఇవి లేకపోతే వెట్టి.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. వారానికి 48 గంటలే పని అన్న చట్టం 1946లో వచ్చింది. ఆయన ఆ శాఖలో ఉండగానే, 1945లో, ఎంప్లాయిమెంటు ఎక్స్చేంజీల ఏర్పాటు మొదలయ్యింది. పని కావాల్సినవాడు ప్రభుత్వ కచేరీలో పేరు రాయించుకుంటాడు, మనిషి కావాల్సిన కంపెనీ అక్కడికే వస్తుంది. మధ్యలో దళారి లేడు, అడ్వాన్సు లేదు. మనుషుల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పనికి పంపటానికి ఇదొక దారి. మేస్త్రీది ఇంకో దారి. ఎనభై ఏళ్ళ తరవాత మన మిల్లులు ఏ దారిలో నడుస్తున్నాయో చూడండి.

చట్టం ఏమిచ్చింది, ఏం లాక్కుంది?

ఒడిశాలో 'దాదన్' కూలీల పేరున సర్దార్లు మనుషుల్ని అడ్వాన్సిచ్చి తోలుకుపోయేవాళ్ళు. ఆ ఘోరాల మీద గొడవ జరిగాకే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఐదుగురిని తెచ్చినా కాంట్రాక్టరుకి లైసెన్సు ఉండాలి. ఫొటోతో పాసుబుక్కు ఇవ్వాలి. స్థానిక కూలీతో సమానంగా కూలి ఇవ్వాలి. ఊరు విడిచి వచ్చినందుకు నెల జీతంలో సగం విడిగా ఇవ్వాలి, దారి ఖర్చు ఇవ్వాలి, ఉండటానికి చోటు చూపాలి. నలభై ఏళ్ళకి పైగా ఆ చట్టం ఉంది. పాసుబుక్కు చూసిన కూలీని మీలో ఎవరైనా చూశారా?

ఆ చట్టం కడుపున పడేసుకున్న కొత్త లేబర్ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదుగురి లెక్క పదిమందికి పెరిగింది. ఊరు విడిచినందుకు ఇచ్చే సగం జీతం ఎగిరిపోయింది. దారి ఖర్చు మిగిలింది. తనంతట తాను వచ్చినవాణ్ణి కూడా వలస కార్మికుడిగా గుర్తించటం ఒక్కటే కొత్తగా వచ్చిన మేలు. అదే 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం రోజు పనిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచటానికి చట్టం మార్చింది.

అయినా మన చేతిలో ఆయుధాలు లేకపోలేదు. అడ్వాన్సు బాకీ చూపించి మనిషిని కదలనివ్వకపోతే అది వెట్టి, 1976 చట్టం కింద నేరం. ఆ బాకీ చెల్లదు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునేది నిర్బంధ చాకిరీయేనని 1982లో ఆసియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు ముక్కలూ ప్రతి కార్యకర్తకీ నోటికి రావాలి. 2013 డిసెంబరులో ఒడిశాలో ఏం జరిగిందో గుర్తుందా? అడ్వాన్సు తీసుకున్న ఇద్దరు కూలీలు, ఆంధ్రాకని చెప్పి వేరేచోటికి తీసుకుపోతుంటే రామన్నారు. మేస్త్రీలు వాళ్ళ కుడిచేతులు నరికారు. ఆ చేతులు మన వైపు పనికి రావాల్సినవే.

మనం చెయ్యాల్సింది

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి పోతే లాభం లేదు. ఈ పనులు మనం చెయ్యగలం.

ఒకటి. ప్రతి ఊరి సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలి. మన ఊరి మిల్లులో, షెడ్డులో, చెరువు గట్టు మీద బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎవరు, ఏ ఊరు, తెచ్చిన మేస్త్రీ ఎవరు, చెప్పిన కూలెంత, ఇస్తున్నదెంత రాయాలి. అదే బుక్కులో రెండో వైపు మన ఊరి నుంచి బయటకి పోయినవాళ్ళ పేర్లు, ఏజెంటు పేరు, అక్కడి ఫోను నంబరు రాయాలి. రేపు ఏదైనా జరిగితే పేరూ ఊరూ తెలియని శవం అనిపించుకునే మనిషి ఉండకూడదు.

రెండు. ఒకే పనికి ఒకే కూలి. బస్తాకి మనోడికి ఎంతో బీహారువాడికీ అంతే. కేజీ రొయ్యకి మన అక్కకి ఎంతో ఒడిశా పిల్లకీ అంతే. వాళ్ళ కూలి పెంచమని మనం అడగాలి. "మాకెందుకు?" అనొద్దు. అతని కూలి తక్కువున్నంత కాలం మన కూలి పెరగదు. అతనికీ అంతే ఇవ్వాల్సొచ్చిన రోజున వెయ్యి మైళ్ళు పోయి మనిషిని తెచ్చే సరదా ఓనరుకి తీరిపోద్ది.

మూడు. వాళ్ళ రేషను కార్డు మీద ఇక్కడి డిపోలో బియ్యం తీసుకునే వీలుంది. పది మంది పైన పనిచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఒక్క వేల లోపు జీతానికి ఇఎస్‌ఐ ఉండాలి. ఈ రెండూ ఇప్పించటానికి మనవాడు ఒకడు తోడెళ్ళాలి. కనీస వేతనాల బోర్డు తెలుగుతో పాటు హిందీలో, ఒడియాలో కూడా గేటు ముందు రాయించాలి. రాయకపోతే మనమే గోడ మీద రాయాలి.

నాలుగు. కదలనివ్వని చోటుంటే కలెక్టరుకి రాతపూర్వకంగా ఇవ్వాలి. విడిపించాల్సిన బాధ్యత ఆయనదే. కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట గాలికి పోద్ది.

ఐదు. పల్లెల్లోకి వస్తున్న కంపెనీల్ని గేటు దగ్గరే అడగాలి. భూమి మనది తీసుకున్నావు, నీళ్ళు మనవి వాడుతున్నావు, ఎంతమందికి పర్మినెంటు పని ఇస్తావు? ఏ రసాయనం వాడుతున్నావు? రాత్రి డ్యూటీలో ఎవరుంటారు? మనుషులు కావాలంటే మేస్త్రీకి ఫోను చెయ్యటం కాదు, కూలి ఎంతో రాసి ఎంప్లాయిమెంటు ఆఫీసులో పెట్టమనాలి. బతికే కూలి రాయి, ఎనిమిది గంటలు రాయి, ఆడవాళ్ళకి బండి పెట్టు. పనోళ్ళు వస్తారో రారో అప్పుడు చూద్దాం.

ఆరు. వాళ్ళని మన పేటకి పిలవాలి. ఏప్రిల్ 14కి పిలవాలి. వాళ్ళకి సంత్ రవిదాసు జయంతి ఉంది, మాఘ పౌర్ణమి నాడు. మన కమ్యూనిటీ హాలులో చేసుకోనివ్వండి. మనం పోయి కూర్చుందాం. భాష రాకపోయినా జై భీమ్ అంటే వాళ్ళకి అర్థమవుద్ది.

ఇది జరిగే పనేనా అని సందేహం వద్దు. 2021 డిసెంబరులో తమిళనాడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ ఆడపిల్లలు ఏం చేశారు? హాస్టలు తిండి తిని వందమందికి పైగా ఆసుపత్రి పాలైతే, పల్లెల నుంచి తెచ్చి గదుల్లో పెట్టిన ఆ పిల్లలే వేలమంది జాతీయ రహదారి మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ ఆగింది. హాస్టళ్ళ సంగతి ప్రపంచానికి తెలిసింది. లొంగుతారని ఏరి తెచ్చుకున్నవాళ్ళే లేచారు. గదిలో ఎవరిని పెట్టినా మనిషి మనిషే.

రేపట్నుంచి ఎవరైనా "పనోళ్ళు లేరండీ" అంటే మన సమాధానం ఇది: పనోళ్ళు ఉన్నారు. కొల్లేటి లంకల్లో ఉన్నారు, గూడెం పేటల్లో ఉన్నారు, నలందలో ఉన్నారు, కలహండిలో ఉన్నారు. లేనిది మీరిచ్చే కూలి, మీరిచ్చే గౌరవం. అవి పెట్టండి, మేము వస్తాం. పక్కవాణ్ణి కూడా కలుపుకునే వస్తాం.

జై భీమ్.